గ్రైండర్ల కొట్టువాడు వేసిన చావు పోస్టరు

నా గోళ్ళతో నేను చింపిన పోస్టర్లు అరవై ఏడు. వేలూరులో పంతొమ్మిది, గుడియాత్తంలో నలభై ఎనిమిది. మైదాపిండి ఉడకబెట్టిన జిగురు రెండు రోజుల ఎండకు పులిసి, బస్టాండు గోడల మీది ఉచ్చ వాసనతో కలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. సీకాయతో కడిగాను, నిమ్మచెక్కతో రుద్దాను. గోళ్ళ సందుల్లోంచి ఆ కంపు వదలడానికి నాలుగు రోజులు పట్టింది. అరవై ఎనిమిదోది చింపే పని లేకపోయింది. గుడియాత్తం బస్టాండు వెనక ఒక మేక కింది అంచు పట్టుకుని లాగి, జిగురు రుచి మరిగి, మా అత్త ముఖాన్ని ముక్కు దాకా నమిలేసింది.

ఆ సమయానికి మా అత్త ఇంట్లో కాళ్ళు చాపుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటోంది.

ఇది 1994 ఆగస్టు నాటి సంగతి. మాది గుడియాత్తంలో ఇళ్ళు కట్టే కుటుంబం. మా మామ మేస్త్రీ, ఆయన తర్వాత నా భర్త మేస్త్రీ. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు వచ్చినది ఇంట్లో నాకొక్కదానికే, చిత్తూరు వైపు బడిలో చదివి వచ్చాను కాబట్టి. తమిళ అక్షరాలు ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నాను. మా అత్తకు ఏ అక్షరాలూ రావు.

కానీ ఆమెకు ఒక గౌరవం ఉండేది. ఊళ్ళోనూ చుట్టుపక్కలా మా తెలుగువాళ్ళ ఇళ్ళలో పెళ్ళి కుదిరితే, పసుపు కొట్టే రోజున ఐదుగురు ముత్తైదువలు రోలు చుట్టూ కూర్చుంటారు. అందులో మొదటి పోటు మా అత్తది. డెబ్బై ఏళ్ళకు భర్త పక్కన ఉన్నాడు, కన్న నలుగురూ బతికి ఉన్నారు, అందుకని ఆమె చెయ్యి మంచిదని అందరి నమ్మకం. పెళ్ళివాళ్ళు రెండు నెలల ముందే తాంబూలం తెచ్చి ఆమెను ఖాయం చేసుకునేవారు. ఆమె ముందురోజు తలకు పోసుకుని, తెల్లవారి నడిచి వెళ్ళి, అక్కడి రోకలి ఎత్తి చూసి, "ఇది రోకలా, పల్లు తోముకునే పుల్లా? మంచిది తెండే" అని ఆ ఇంటివాళ్ళను కాసేపు ఏడిపించి, అప్పుడు కూర్చునేది. నేను కోడలిగా వచ్చిన 1968 నుంచి క్యాలెండరు కాగితాల వెనక రాసుకుంటూ వచ్చాను. 1994 జూన్ వరకు నూట తొంభై మూడు పెళ్ళిళ్ళు. నూట తొంభై నాలుగోదానికి తాంబూలం వచ్చి ఉంది. పసుపు కొట్టేది ఆగస్టు 24, బుధవారం.

గ్రైండర్ల కొట్టు వేలూరులో ఉండేది. వెనక గదిలో బిగించడం, ముందు గదిలో అమ్మడం, అంతే ఆ వ్యాపారం. నడిపేవాడు మనవాడే, ఇంట్లో తెలుగే. ముప్పై దాటి రెండు మూడేళ్ళుంటాయి. ఆ రోజుల్లో పెద్ద కంపెనీల సామాన్లు టీవీలో పాటలతో సహా ఇళ్ళలోకి వచ్చేస్తున్నాయి. టీవీలో కనబడే తాహతు ఇతనికి లేదు. గోడలూ వీధులూ ఉన్నాయి, సిగ్గు లేదు. అంతకు ముందు ఏడాది ఒక కూలీ మనిషి నెత్తిన రుబ్బురోలు పెట్టి కాట్పాడి నుంచి వేలూరు దాకా నడిపించాడని విని, అప్పుడే నాకు ఒళ్ళు మండింది. అయినా జూలై 20న అతను మా గడపలోకి వస్తే కూర్చోమని చాప వేశాను.

"అమ్మా, పెద్దమ్మ రోలు కాడ రుబ్బతా ఉండేటట్టు ఫోటో ఒకటి కావల్ల" అన్నాడు.

"ఎందుకప్పా?"

"విళంబరానికమ్మా, గ్రైండర్లు అమ్ముకునేదానికి. పోస్టరు ఏస్తాం. మన పెద్దోళ్ళు పడిన కష్టం జనానికి తెలియల్ల గదా. ఇంత కళ ఉండే ముఖం వేలూరంతా ఎతికినా నాకు దొరకలా."

"ఎన్ని వేస్తావు?"

"రెండు నూర్లు."

"యాడ యాడ?"

"వేలూర్లో నూట ఇరవై, గుడియాత్తంలో ఎనభై."

"ఎంత పొడుగు? రంగులా, నలుపా? ఎన్ని రోజులుంటాయి?"

అన్నిటికీ జవాబు చెప్పాడు. నేను అన్నీ రాసుకున్నాను. తర్వాత సరిచూస్తే ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఫోటో చుట్టూ ఏమి వేస్తావు అని మాత్రం నేను అడగలేదు.

ఫోటోకు బదులుగా ఒక కొత్త గ్రైండరు ఇస్తానన్నాడు. అప్పటికి ఇంట్లో రోజూ రుబ్బేది నేనే. మా అత్త శుక్రవారం మాత్రం కూర్చునేది. రోజుకు రెండు పడుల బియ్యం, అర పడి మినప్పప్పు, ముప్పావు గంట. నా కుడి భుజం రాత్రిళ్ళు పట్టేసేది. ఆ గ్రైండరు మీద నాకు ఆశ కలిగింది.

"నా ముఖం గోడమీద ఎందుకుమే? నేనేమన్నా ఓట్లకు నిలబడినానా?" అంది మా అత్త.

"సుమ్మా, ఉత్త ఫోటోనే గదత్తా" అని నేనే ఒప్పించాను. నేనే తలదువ్వి మల్లెలు పెట్టాను. బొట్టు ఇంకాస్త పెద్దగా పెట్టమని అతను అంటే, పెట్టింది కూడా నేనే. జూలై 28న గ్రైండరు వచ్చింది. ఆ మర్నాటి నుంచి నా భుజానికి నొప్పి తగ్గింది.

ఆగస్టు 12 తమిళుల ఆడి నెలలో ఆఖరి శుక్రవారం. తొమ్మిదిన్నరకు మా వీధి మలుపులో ఒక ఏడుపు వినబడింది. "అక్కా, నన్నిడిసి పోతివా అక్కా" అని గుండెలు బాదుకుంటూ ఒడుగత్తూరులో ఉండే మా అత్త చెల్లెలు వస్తోంది. ఒక చేతిలో దండ, చంకలో కాగితం పొట్లం. ఇరుగుపొరుగు బయటికి వచ్చేశారు. మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది.

"ఎవురు పోయినారే? శుక్రవారం పొద్దు ఆ అరుపులేంది?"

చెల్లెలు నిలబడిపోయింది.

"నువ్వే గదక్కా."

"నేనా? ఎప్పుడు?"

"కన్ను చూపించుకుందామని తెల్లార్తో వేలూరు వస్తి. బస్టాండులో పోస్టరు ఏసుండారు. నీ ఫోటో. పక్కన దీపాలు రెండు, పైన దండ, నల్ల అంచు. ఆసుపత్రికి గూడా పోలా. అట్నే బస్సెక్కితి."

"ఏం రాసిండారో ఎవుర్నన్నా అడిగితివా?"

"చావు పోస్టరుకు చదివేదేముందక్కా? ముఖం చూస్తే చాలదా?"

ఆమె అన్నది నిజం. మా వైపు మనిషి పోయిన నాలుగైదు గంటల్లో గోడ మీద పోస్టరు పడుతుంది. నడుమ ముఖం, అటూ ఇటూ దీపం, పైన కణ్ణీర్ అంజలి, అంటే కన్నీటి నివాళి, అని అరవంలో పెద్ద అక్షరాలు. దాన్ని ఎవరూ చదవరు. ముఖం చూస్తారు, పూలదండ కొంటారు, బస్సెక్కుతారు.

పొట్లంలో ఉన్నది చీర. ముత్తైదువ పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచి రావాలి. ఎర్రంచు పసుపు చీర కొని తెచ్చింది ఆ పిచ్చిది.

మా అత్త ముందు నవ్వింది. "ఆ దండ గడప దాటనీయొద్దు, బయట గోడ మీద పెట్టు. కాఫీ తాగతావా, లేకుంటే చావు ఇంట్లో తాగనంటావా?"

చెల్లెలు నవ్వలేదు. "అక్కా, ఇరవై నాలుగో తేదీ పసుపుకు నువ్వే గదా కూచోవల్ల? ఆ పెండ్లోళ్ళు ఈ పోస్టరు చూసింటే?"

అంతలో డప్పులు వినిపించాయి.

పాడె వచ్చింది. నిజమైన పాడె, పచ్చి వెదురుతో కట్టింది, పైన పూల పందిరి. దాని మీద మనిషి ఉండవలసిన చోట రుబ్బురోలు, దానికి తెల్లగుడ్డ, పొత్రానికి బొట్టు. నలుగురు మోస్తున్నారు. ముందు చీరలు కట్టిన ఇద్దరు మగవాళ్ళు జుట్టు విరబోసుకుని, రొమ్ములు కొట్టుకుంటూ శోకాలు పెడుతున్నారు. ఒకడు బొరుగులూ చామంతి రేకులూ దారి పొడుగునా చల్లుతున్నాడు. వెనకాల ఒక ఆటోలో కొత్త గ్రైండరు గిరగిరా తిరుగుతోంది. దాని పక్కన స్టవ్వు మీద ఇడ్లీపాత్ర. పాడె వెనకాల నడిచే జనానికి ఆకుల్లో వేడి ఇడ్లీలు పెడుతున్నారు.

జనం తిన్నారు. ఇదే నాకు ఈనాటికీ మింగుడుపడనిది. వీధిలో శవం ఉంటే పొయ్యి వెలిగించని మనుషులు, పాడె వెనకాల నడుస్తూ, బొరుగులు తొక్కుతూ, చట్నీ కారుతున్న చేతులు నాక్కుంటూ తిన్నారు. మా ఎదురింటామె రెండోసారి ఆకు చాపింది.

ఆటో ముందు అద్దానికి పోస్టరు కట్టి ఉంది. అందులో మా అత్త. నేను పెట్టిన మల్లెలు, నేను పెట్టిన పెద్ద బొట్టు.

మా అత్త స్తంభం పట్టుకుని లేచి నిలబడింది. "నన్ను గురించి ఏం రాసిండారు? చదువుమే."

చదివాను. రుబ్బురోలు అమ్మగారు ఎన్నో తరాల వాళ్ళను అరగదీసి, మా గ్రైండరు వచ్చిన నాడు కాలం చేశారు అని ఉంది.

"కింద ఇంగా ఏదో ఉండాదే?"

"కొట్టు అడ్రసు అత్తా."

అడ్రసు కాదు. దుఃఖించేవారు ఎవరూ లేరు, సంతోషంతో కోడళ్ళు అని రాసి ఉంది. ఆ సమయంలో వంటింట్లో మా గ్రైండరు గిన్నె కడిగి బోర్లించి ఉంది.

పాడె కౌండిన్య ఏటి ఇసుక వైపు వెళ్ళిపోయింది. మా అత్త ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. తానే చీపురు తెచ్చి, మా గడప ముందు పడిన తన చావు బొరుగుల్ని తానే ఊడ్చి, నాలుగు బిందెల నీళ్ళు కొట్టి, పసుపునీళ్ళు చల్లింది.

మర్నాడు శనివారం నేను వేలూరు వెళ్ళాను. దారిలో చింపిన ఒక పోస్టరు తడి తడిగా చుట్టి పట్టుకుని కొట్టులోకి అడుగుపెట్టాను. ముందు గది నిండా జనం ఉన్నారు.

"రండమ్మా, కూచోండి. కలర్ సోడా తాగుతారా?"

"బతికుండే ముత్తైదువకు దీపాలు పెడితివే, నీకు తల్లి లేదా నాయనా?"

"అది రోలుకు చావమ్మా, పెద్దమ్మకు గాదు. కింద రాసినాము గదా."

"చదివేదెవరు?"

"అదే నేను చెప్పేది. చదవకనే తెలిసిపోవల్ల. దానికే గదమ్మా విళంబరమనేది. పోయిన నెలంతా నాలుగు గ్రైండర్లు అమ్మినాను. నిన్న ఒక్కరోజే పదకొండు." అతని ముఖంలో కపటం లేదు. పరీక్ష పాసైనవాడిలా ఉన్నాడు. "మీకు మనసు నొచ్చుకుంటే సరిచేస్తానమ్మా. వచ్చే వారం ఇంకో పోస్టరు. పెద్దమ్మ మన గ్రైండరు పక్కన నవ్వతా నిలబడినట్టు. చావును గెలిచి వచ్చినారు అని రాస్తాం. మేళం పెట్టి, జీపులో కూచోబెట్టి ఊరంతా తిప్పుదాం. ఏమంటారు?"

అప్పుడు ఆ పక్కనే తిరుగుతున్న గ్రైండరులోని పిండి వాసన కూడా నాకు పడలేదు.

"పోస్టర్లు అతికించిన చోట్లు చెప్పు" అన్నాను.

అతను సొరుగు లాగి ఒక కాగితం ఇచ్చాడు. ఏ వీధి, ఏ గోడ, ఎన్ని, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. నేను రాసినా అంతకన్నా బాగా రాయలేను. ఆ కాగితం పట్టుకునే అరవై ఏడు చింపాను. మేక తిన్నది ఒకటి పోగా, మిగతా నూట ముప్పై రెండు ఏమైనాయో నాకు తెలియదు. కొన్ని వాన తీసింది. కొన్నిటి మీద సినిమా పోస్టర్లు పడ్డాయి. నేను గోడలు గీకుతుంటే చూసి పోయేవాళ్ళు, "పావం, ఎవురు పోయినారమ్మా?" అని అడిగారు. ఒకరిద్దరు, "ఆ గ్రైండరు మంచిదేనా?" అని కూడా అడిగారు.

పదిహేడో తేదీన పెళ్ళికూతురి తల్లి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్దమ్మా, ఈ ఎండకు నువ్వు యాడ వొస్తావు? కాళ్ళు నొప్పులంటివి గదా. నీ ఆశీర్వాదం ఉంటే చాలు. పెండ్లికి మాత్రం రా, ముందు వరసలో కూచో."

"ఎండనా? పోయినేడు చిత్ర నెల మండుటెండలో మీ పెద్దదానికి పసుపు దంచితినే, ఆ పొద్దు ఏమన్నా మంచు కురిసిండిందా?"

ఆమె నేల చూపులు చూసింది. "నాకు తెలుసు పెద్దమ్మా నువ్వు బతికుండావని. నాకు తెలియదా? మగపెండ్లోళ్ళు చూసినారు. వాళ్ళ కండ్లకు దండేసిన ముఖమే కనపడతా ఉందంట. నేనేం చేసేది?"

బతికి ఉందని తెలుసు, అయినా వద్దు. అంతే. గుడియాత్తంలో ఒక్కరు కూడా మా అత్త చనిపోయిందని నమ్మలేదు. అయినా ఆ ముఖం చుట్టూ దీపాలు చూసిన తర్వాత ఆ చేత్తో పసుపు దంచించుకోవడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు.

24న పొద్దున్నే మా అత్త తలకు పోసుకుంది. పెట్టె తెరిచి, చెల్లెలు వదిలేసి పోయిన పసుపు చీర తీసింది. చావుకు తెచ్చిన చీర తిరిగి పట్టుకుపోకూడదని ఆమె ఇక్కడే పెట్టి పోయింది.

"అది వొద్దత్తా" అన్నాను.

"నాకు తెచ్చిన చీర నేను గాక ఎవురు కడతారు? చచ్చినాక కడితే నా కంటికి కనపడతాదా?"

నడిచే వెళ్ళాం. పెళ్ళివారి వసారాలో పదకొండుమంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఎనిమిదిమంది పెళ్ళికి పసుపు దంచింది మా అత్తే. ఏ ఏడు, ఏ నెల అని నేను చెప్పగలను. రోలు చుట్టూ ఐదుగురు అప్పటికే కూర్చున్నారు. మొదటి రోకలి ఆంబూరు నుంచి వచ్చిన ఒక చిన్నామె చేతిలో ఉంది.

అందరూ లేచారు. ఒకామె ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. మా అత్త కుర్చీ వైపు చూడకుండా రోలు దగ్గరికి నడిచి, రోకలి కోసం చెయ్యి చాపింది.

చెయ్యి అట్లాగే ఉంది. ఆంబూరామె పెళ్ళికూతురి తల్లి వైపు చూసింది. పెళ్ళికూతురి తల్లి మా అత్త చీర వైపు చూసింది.

"కూచో పెద్దమ్మా, శ్రమ ఎందుకు."

ఎనిమిదిమందిలో ఒక్కరూ నోరు తెరవలేదు. నూట తొంభై మూడు అనే లెక్క నా నాలుక మీద ఉంది. నేనూ తెరవలేదు. పోస్టరులో కింది వరస ఎవరైనా చదివి ఉంటారని నాకు భయం.

మా అత్త చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. "రోకలి కింద పట్టుకోవద్దుమే ఆంబూరు పిల్లా, నడిమిన పట్టుకో. లేకుంటే బొబ్బలొస్తాయి" అంది. తర్వాత కుర్చీలో కూర్చుంది. వాళ్ళిచ్చిన తాంబూలం తీసుకుంది. మజ్జిగ తాగింది. మెల్లగా ఇంటికి నడిచింది.

శుక్రవారం వచ్చింది. ఆమె రుబ్బురోలు దగ్గరికి పోలేదు. "ఆ మిషనులోనే ఏసుకోమే ఇంగ" అంది. వారం తర్వాత నా భర్త దగ్గరి పనివాళ్ళను ఇద్దర్ని పిలిచి, రోలును పెరట్లోకి దొర్లించి పెట్టించింది. గ్రైండర్లవాడి పోస్టరులో రాసిన మాట మా ఇంటి వరకు నిజమైంది. ఆ తర్వాత ఆమెను పసుపుకు ఎవరూ పిలవలేదు, క్యాలెండరు కాగితాల వెనక నేను కొత్తగా ఏమీ రాయలేదు.

1999 ఏప్రిల్ 9, శుక్రవారం నాడు ఆమె నిజంగా పోయింది. మామ బతికే ఉన్నాడు, ముత్తైదువగానే పోయింది. పోస్టరు వేద్దామని పనివాళ్ళు ఫోటో అడిగారు. నేను ఇవ్వలేదు. తిరువలంలో ఉండే ఇద్దరు చుట్టాలకు కబురు అందలేదు, రాలేదు. చెల్లెలు ఒట్టి చేతులతో వచ్చి, "చీర అప్పుడే ఇచ్చేస్తిని గదమ్మా" అని గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ పసుపు చీరే కట్టాం.

ముత్తైదువ పోతే ఆమె దగ్గరి పసుపు కుంకుమలు అడిగి తీసుకుపోవడం మాలో వాడుక. తీసుకున్నవాళ్ళ తాళి గట్టిదని అంటారు. నలభై ఒక్కమంది వచ్చారు. పళ్ళెం నేను పట్టుకున్నాను. ఆ వసారాలో కూర్చున్న ఎనిమిదిమందిలో ఏడుగురు వచ్చి చెయ్యి చాపారు. ముప్పై నాలుగో చెయ్యి ఆ పెళ్ళికూతురి తల్లిది.

"ఈ ఎండకు యాడ వొస్తివి వొదినా? కాళ్ళు నొప్పులు లేవా?" అన్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. చెయ్యి మాత్రం తీసుకోలేదు. అట్లాగే చాపి నిలబడింది. పసుపు పెట్టాను. కొంగు చివర భద్రంగా ముడివేసుకుని వెళ్ళిపోయింది.

కర్మ చేసే పెద్దదినం నాడు వడలకు పప్పు ఆ గ్రైండరులోనే రుబ్బాను.